వాపసు తీసుకోని కొట్టు

రిటైరైన రోజున నర్సింగ్‌హోమ్ వాళ్ళు నాకొక శాలువా కప్పారు, ఒక గోడగడియారం ఇచ్చారు, వాటితోపాటు ఒక పాత ఫైలు కూడా చేతిలో పెట్టారు. ఇందులోవన్నీ కంప్యూటర్లోకి ఎక్కించేశామనీ, కాగితాలు పారేయడానికి చేతులు రాలేదనీ, నావి నన్నే ఉంచుకోమనీ ఆఫీసు అమ్మాయి చెప్పింది. గడియారాలు మా ఇంట్లో ఇప్పటికే మూడున్నాయి, మూడూ మూడు రకాల టైము చూపిస్తాయి. నాలుగోదాన్ని బీరువా మీద పెట్టేసి, మంచం మీద కాళ్ళు చాపుకుని ఫైలు విప్పాను. పైన నా దరఖాస్తు. దానికి అంటించిన ఫొటోలో తలకి నూనె కారేలా రాసుకుని, ఎవరో కొట్టడానికి వస్తున్నట్టు చూస్తున్న ఒక పిల్ల. నేనే. దాని కింద ఒక పక్క చింపిన గోధుమరంగు కవరు. కవరు మీద గుండ్రటి ఒడియా అక్షరాలు చూడగానే ఆ రాత ఎవరిదో తెలిసిపోయింది. మా చీరల కొట్టు సావుకారుది.

ఆ కవరు నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. అందులో ఉన్నదాంట్లో సగం ఆ రోజే నా చెవిన పడింది, ఆ సగానికే సిగ్గుతో చచ్చినంత పనైంది. మిగతా సగం ఏమిటో ఎవరూ చదివి చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇప్పుడైనా వెంటనే చదివేశానా అంటే అదీ లేదు. కళ్ళజోడు వంటింట్లో ఉండిపోయింది. కవరు ఒళ్ళో పెట్టుకుని, లేవబుద్ధి కాక, చాలాసేపు అలాగే కూర్చున్నాను.

మాది పొడంపేట. ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోట ఇసుక మీద కట్టుకున్న ఇళ్ళు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, బస్సులో రెండూ. నాన్నకి ఛాతీ జబ్బు పట్టుకున్నాక పడవెక్కడం మానేసి, చూరు నీడన కూర్చుని ఊళ్ళోవాళ్ళ వలలు బాగుచేసేవాడు. ఇల్లు అమ్మ గంప మీద నడిచేది. నెత్తళ్ళు, ఎండురొయ్యలు గంపకెత్తుకుని, తెల్లారే బస్సుకి బరంపురం వెళ్ళి వీధి వీధీ తిరిగి అమ్మేది. మా ఇంట్లో గిన్నెలకి, చాపలకి, దేవుడి పటానికి కూడా ఎండుచేపల వాసనే. అది వాసన అని బరంపురం వెళ్ళేదాకా నాకు తెలియదు. మనిషికి తన ఇంటి వాసన తెలియదు కదా.

ప్లస్‌టూ అయ్యాక బరంపురం బడాబజారులో ఒక చీరల కొట్లో పని దొరికింది. సావుకారు నన్ను పైనుంచి కిందికి చూసి, పని ఇస్తానుగాని పట్టు మూడింటిని ఓర్చుకోదు, ఉప్పు, నూనె, చేప అన్నాడు. ఆ మాట ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను. మర్నాటి నుంచి నా బట్టలు వేరే రేకుపెట్టెలోకి పోయాయి, అందులో కర్పూరం ఉండలు వచ్చాయి. పొద్దున్నే నిమ్మచెక్కతో నా చేతులు మోచేతుల దాకా తోమేది. మంట పుట్టి నేను గింజుకుంటే ఇంకాస్త గట్టిగా తోమేది. ఇద్దరం ఒకే బస్సుకి వెళ్ళేవాళ్ళం. రోడ్డు దాకా నడిచేటప్పుడు తలమీద గంపతోనే మొహం అటూ ఇటూ తిప్పి, గాలి ఏ పక్కనుంచి వస్తోందో చూసి, నన్ను ఆ పక్కన నడవమనేది. గాలి ముందు నన్ను తాకి తరవాత తనని తాకాలి. బస్సులో నేను ముందు, ఆవిడ వెనక. నాతో వచ్చినట్టే ఉండేది కాదు. చెప్పొద్దూ, అప్పట్లో నాకది హాయిగానే ఉండేది. పద్దెనిమిదేళ్ళ వయసుకి సిగ్గు ఎక్కువ, బుద్ధి తక్కువ.

కొట్లో తెల్లదుప్పటి పరిచిన పరుపులు, వాటి మీద మేము కూర్చునేవాళ్ళం, ఎదురుగా కొనేవాళ్ళు కూర్చునేవాళ్ళు. చెప్పులు మెట్ల కిందే. లోపలికి రాగానే గంజి వాసన, కొత్త పట్టు వాసన, సావుకారు వెలిగించిన సాంబ్రాణి. కొత్తగా చేరినవాళ్ళకి చీర అమ్మే పని ఇవ్వరు, మడతపెట్టే పని ఇస్తారు. నాకు మొదటి ఏడాదంతా మడతే. నేర్పినవాడు తవుడుబాబాయి, అక్కడ అందరికంటే పాత సేల్స్‌మేను. నలభై చీరలు విప్పించి ఒక్కటీ కొనకుండా లేచిపోయినవాళ్ళ వెనక కూడా మొహం మాడ్చకూడదు, గుట్టలోంచి ఒక్కొక్కటీ తీసి అంచుకి అంచు కలిపి మడవాలి. నెలకోసారి బీరువాల్లో పట్టుచీరలన్నీ తీసి మడత మార్చాలి. ఒకే గీత మీద ఎక్కువకాలం మడిచి ఉంచితే ఆ గీత దగ్గరే జరీ తెగిపోతుంది. అందుకని పాత గీత పక్కకి జరిపి కొత్తగా మడవాలి. చూడ్డానికి ఏమీ పని చేసినట్టుండదు. చేయకపోతే మాత్రం ఏడాదికి బరంపురం పట్టు చిల్లుల గుడ్డ అవుతుంది.

రెండో ఏడు నన్ను ఎదర కూర్చోబెట్టారు. అక్కడ తవుడుబాబాయి నేర్పింది ఇంకో చదువు. పెళ్ళికి పట్టు తీయడానికి పదిమంది వస్తారు. చీర చేత్తో పట్టుకుని మురిసిపోయే మనిషి వేరు, వద్దని ఒక్క మాటతో తేల్చేసే మనిషి వేరు. ఆ రెండో మనిషి ఎప్పుడూ వెనక గోడకి ఆనుకుని, తనకేమీ పట్టనట్టు ఉంటుంది. మంచినీళ్ళు ముందు ఆవిడకే ఇవ్వాలి. మనిషి గుమ్మంలో అడుగుపెట్టేలోపల "రండమ్మా" అనాలో "ఆసొంతు మా" అనాలో తేల్చుకోవాలి, ఆ పలకరింపు వాళ్ళింటి భాషలో పడిందా సగం బేరం అయిపోయినట్టే. "లేదు" అనే మాట కొట్లో నిషిద్ధం. అడిగిన రంగు లేకపోతే "చూపిస్తాను కూర్చోండి" అని దానికి దగ్గరగా ఉన్నది తీయాలి. అన్నిటికంటే ముఖ్యం, కూర్చున్నవాళ్ళని చూసుకుంటూనే మెట్టు మీద ఒక కన్ను వేసి ఉంచాలి. "లోపలికొచ్చినోల్లు ఎలాగూ కొంటారు గాని, మెట్టు కింద నిలబడిపోయినోల్లని సూడాల," అనేవాడు. లోపలికి రావడానికి ధైర్యం చాలక, వెళ్ళడానికి మనసొప్పక ఆగిపోయేవాళ్ళని పిలిచి కూర్చోబెట్టడం నాకు బాగా అబ్బిందని ఆయనే ఒప్పుకున్నాడు.

పిలిచినా ఎక్కనిది మా అమ్మ ఒక్కతే. సావుకారు ఆడపిల్లల్ని ఐదింటి బస్సుకి అందేలా పంపేసేవాడు, ఆ విషయంలో ఆయన్ని తలచుకుని ఇప్పటికీ దండం పెట్టుకుంటాను. ఆ వేళకి అమ్మ ఖాళీ గంపతో వచ్చి మెట్టు కింద నిలబడేది. ఎండగా ఉంది, పైకొచ్చి కూర్చోమని ఆయన అంటే, ఇక్కడే బాగుంది బాబూ అనేది. రోజూ ఆయన పిలిచేవాడు, రోజూ ఆవిడ అదే జవాబు చెప్పేది.

సావుకారు పొట్టి మనిషి, కోపిష్టి అనిపించే ముఖం, మాట తక్కువ. తెలుగు వారపత్రికలు తెప్పించుకుని కొట్లో కూర్చుని చదివేవాడు. బళ్ళో ఒడియా మాత్రమే నేర్చిన నాకు తెలుగు అక్షరాలు ఒంటబట్టింది ఆయన చదివి పక్కన పడేసిన ఆ పత్రికల్లోనే. ఈ నాలుగు ముక్కలు తెలుగులో రాయగలుగుతున్నానంటే ఆయన పుణ్యమే. ఆయనకి ఇంకో పెద్దరికం కూడా ఉండేది. పెళ్ళిపట్టు అంతా ఆయన దగ్గరే తీస్తారు కాబట్టి సంబంధాలు చూసుకునేవాళ్ళు ఫలానా పిల్ల ఎలాంటిదని ఆయన్నే అడిగేవాళ్ళు. మా కొట్లో పనిచేసిన ఇద్దరు అమ్మాయిలకి అలాగే పెళ్ళిళ్ళు కుదిరాయి. ఊరు దూరమైతే ఉత్తరం రాసి ఇచ్చేవాడు. తండ్రి ఎలాంటివాడు, పిల్ల ఆరోగ్యం ఏమిటి, ఎదురు మాట్లాడుతుందా లేదా, అన్నీ వరసగా. ఆయన మాట అంటే చెల్లుబాటు.

ఆయన తల వెనక గోడకి ఒక బోర్డు ఉండేది. అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు అని ఒడియాలో, తెలుగులో, ఇంగ్లీషులో. మనుషుల విషయంలోనూ ఆయనది అదే పద్ధతి. నేను చేరిన కొత్తలో ఒక సేల్స్‌మేను ఎక్కువ జీతమని ఎదుటి బజారు కొట్టుకి పోయి, అక్కడ పొసగక నెల తిరిగేసరికి వచ్చి మెట్టు కింద నిలబడ్డాడు. సావుకారు అతనికి టీ తెప్పించాడు, పిల్లల గురించి అడిగాడు, టీ అవగానే ఇంక వెళ్ళిరమ్మన్నాడు. అంతే. ఆ రోజు మేమందరం తలలు వంచుకుని మడతలు పెట్టుకున్నాం.

ఆరేళ్ళు గడిచాయి. ఒక వానాకాలం పొద్దున అమ్మ బస్సు మెట్టు మీద కాలు జారి పడింది. గంప బరువంతా మెడ మీద పడింది. ఇక తలమీద బరువు ఎత్తకూడదని డాక్టరు చెప్పాడు. అమ్మ ఎనిమిది రోజులు పడుకుంది, తొమ్మిదో రోజున గంప కింది చుట్టకుదురు రెండింతలు మందంగా చుట్టుకుని మళ్ళీ గంపెత్తింది. మెడ తిప్పలేక, గాలి ఎటునుంచి వస్తోందో చూడాలంటే ఒళ్ళంతా తిప్పాల్సి వచ్చేది. వెనక నడుస్తూ అది చూసిన రోజున గట్టిగా అనుకున్నాను. ఎలాగైనా ఆ గంప దించాలి, దానికి నా జీతం రెండింతలు కావాలి. సావుకారు చెడ్డవాడు కాదు, అడిగితే పండక్కి ఇంకో చీర ఇచ్చేవాడు, అంతకంటే ఆ కొట్లో ఎవరికీ లేదు.

అప్పుడే బరంపురంలో కొత్తగా ఒక నర్సింగ్‌హోమ్ కట్టారు. రిజిస్ట్రేషన్ కౌంటరుకి మనిషి కావాలని బస్టాండు గోడకి కాగితం అంటించారు. ఒడియా, తెలుగు రెండూ రావాలి, ఎక్కడైనా పనిచేసిన అనుభవం ఉండాలి, ఆ యజమాని దగ్గరనుంచి ఉత్తరం తేవాలి. జీతం సరిగ్గా నాకు కావలసినంత. ఆ కాగితం ముందు నిలబడి మూడు బస్సులు వదిలేశాను. నా దగ్గరున్న అనుభవం ఏమిటి? చీరలు మడతపెట్టడం. దాన్ని అనుభవమని ఎవరితోనైనా అంటే నవ్వుతారు. పైగా ఉత్తరం అడగాలంటే వెళ్ళిపోతున్నానని సావుకారుకి చెప్పాలి. అక్కడ దొరక్కపోతే ఇక్కడా ఉండదు.

వారం రోజులు రేపు రేపు అని వాయిదా వేశాను. చివరికి అడిగేశాను. సావుకారు పత్రిక మడిచి పక్కన పెట్టాడు.

"ఎల్తే ఎల్లు. ఈ మెట్టు సంగతి నీకు తెలుసు గదా."

తెలుసని తలూపాను. మర్నాడు ఈ గోధుమరంగు కవరు, జిగురుతో గట్టిగా అంటించి చేతికిచ్చాడు. పెద్దవాళ్ళకే ఇవ్వమన్నాడు, దారిలో విప్పొద్దన్నాడు.

ఇంటర్వ్యూకి నాతోపాటు నలుగురు వచ్చారు. టైపు పాసైనవాళ్ళు, డిగ్రీ చదివినవాళ్ళు, ప్లాస్టిక్ ఫైళ్ళు పట్టుకున్నవాళ్ళు. నా దగ్గర కవరొక్కటే. హాల్లో బెంచీ మీద రెండు గంటలు కూర్చున్నాక లోపలికి పిలిచారు. అక్కడ ఒక డాక్టరుగారు, పక్కన పెద్ద మేడమ్. ఆవిడ ఒడియా మనిషి, ఆసుపత్రి నడిపేదంతా ఆవిడే. కవరు చింపి నాలుగు వరసలు చదువుకుంది, కళ్ళజోడు సర్దుకుంది, డాక్టరుగారి వంక తిరిగి పైకి చదవడం మొదలుపెట్టింది. "ఈ చీటీ తెచ్చిన పిల్ల పేరు నూకాలమ్మ. తండ్రి నెమ్మదస్తుడు, తాగుడు లేదు. పిల్ల చామనఛాయ, ఆరోగ్యవంతురాలు, పళ్ళు బాగుంటాయి. ఎదురు మాట్లాడదు. వంట వచ్చు."

డాక్టరుగారు టేబుల్ మీద తల పెట్టేసుకుని నవ్వాడు. మా మహానుభావుడు తనకి రాయడం వచ్చిన పెళ్ళి ఉత్తరమే రాశాడు. ఒక యజమాని ఇంకొకరికి పిల్ల గురించి రాయడమంటే ఆయన ఎరిగింది అదొక్కటే. మీ సావుకారు మమ్మల్ని మగపెళ్ళివారనుకున్నట్టున్నాడే అని మేడమ్ కూడా నవ్వింది. ఉత్తరం చదవడం అక్కడే ఆపి, మడిచి నా దరఖాస్తు కింద పెట్టేసింది. ఇందులో నీ పని గురించి ఒక్క ముక్కా లేదు, నువ్వేం చేస్తావో నువ్వే చెప్పమంది. నాకు చెవులు కాలిపోతున్నాయి. చీరలు మడతపెడతానన్నాను. ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. అయిపోయిందని తెలిసింది. ఇటు కొట్టు పోయింది, అటు ఇదీ పోయింది, రేపు పొద్దున మళ్ళీ అమ్మ గంప.

లేచి దండం పెట్టి తలుపు దాకా వచ్చాను. ఎలాగూ పోయేదే కదా అని తెగింపొచ్చింది. వెనక్కి తిరిగి, అమ్మా, ఉద్యోగం సంగతి అటుంచండి, ఒక్క మాట అన్నాను.

"హాల్లో స్తంభం పక్కన ఎర్రచీర మనిషి ఉంది. రెండు గంటల్లో కౌంటరు దాకా మూడుసార్లు వెళ్ళి మాట్లాడకుండా తిరిగొచ్చింది. ఆవిడతో ఎవరూ లేరు, ఆవిడకి ఒడియా రాదు, నిలబడ్డానికి కూడా ఓపిక లేదు. ఆవిణ్ణి ముందు పిలవండి."

ఒడియా రాదని నీకెలా తెలుసని మేడమ్ అడిగింది. పక్కన ఒడియాలో ఎవరు ఏమన్నా ఆమె తలెత్తలేదు, ఎవరో తెలుగులో పిల్లని కసిరితే మాత్రం చటుక్కున తిరిగి చూసింది అని చెప్పాను. మేడమ్ లేచి హాల్లోకి వెళ్ళింది, నేను వెనక వెళ్ళాను. పాత్రపూర్ వైపు పల్లెటూరి మనిషి, ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. నేను మాట్లాడాను, మేడమ్ రాసుకుంది. ఆవిణ్ణి మంచం మీద పడుకోబెట్టాక మేడమ్ నా వంక తిరిగి, ఇది ఎవరు నేర్పారంది. కొట్లో తవుడుబాబాయి అన్నాను. మూడు నెలలు చూస్తాను, బాగా లేకపోతే పంపేస్తాను, సోమవారం రమ్మంది.

కొత్త ఉద్యోగం వచ్చిందన్న సంతోషం మూడు వారాలు నిలిచింది. కొట్లో నేర్చుకున్నదంతా అక్కడ పనికొచ్చింది, ఒక్కటి తప్ప. ఒకనాడు భంజనగర్ దాటి ఎక్కడినుంచో ఒక ముసలాయన కూతురితో వచ్చాడు. గుండె డాక్టరుగారు ఉన్నారా అని అడిగితే, ఆరేళ్ళ అలవాటు, నోట్లోంచి లేదన్న మాట రాలేదు. చూపిస్తాను, కూర్చోండి అనేశాను. ఆ డాక్టరు ఆ రోజు రానే రాడు. ముసలాయన అన్నం తినకుండా మధ్యాహ్నం దాకా బెంచీ మీద కూర్చుని ఆఖరికి తూలి పడిపోయాడు. ప్రాణానికేమీ కాలేదు, దేవుడు చల్లగా చూశాడు. కాని వేరే డాక్టరు అందరి ముందూ నన్ను కడిగేశాడు, చీరలమ్మే దాన్ని తెచ్చి ఇక్కడ కూర్చోబెడితే ఇలాగే ఉంటుందన్నాడు. అతను అన్నదానికంటే, ఆ ముసలాయన కూతురు ఏమీ అనకుండా నన్ను చూసిన చూపు నాకు ఎక్కువ తగిలింది.

ఆ సాయంత్రం బస్టాండుకి పోకుండా బడాబజారుకి నడిచాను. కొట్టుకి ఎదురుగా, రోడ్డుకి అవతల నిలబడ్డాను. లోపల నా చోట ఎవరూ లేరు. మెట్టు దాకా వెళ్ళి సావుకారు కాళ్ళ మీద పడదామనే వచ్చాను. ఆయన తలెత్తాడు. నన్ను చూశాడు, అందులో అనుమానం లేదు. మళ్ళీ పత్రికలోకి తల దించేసుకున్నాడు. ఆయన తల వెనక ఆ బోర్డు నాకు మూడు భాషల్లోనూ కనబడింది. అక్కడినుంచి ఏడ్చుకుంటూ బస్సెక్కాను.

ఇంట్లో అమ్మ రొయ్యలు ఏరుతోంది. అంతా చెప్పి, సావుకారు దగ్గరికి నువ్వొచ్చి అడుగు, నీ మాట తీసేయడు అన్నాను. ఆవిడ ఏరడం ఆపలేదు.

"ఎనక్కి సోటు నేదు. ముందుకే ఎల్లాల. రేపటి బస్సుకి లెగు."

అంత కటువుగా మా అమ్మ నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. కోపంతో అన్నం మానేశాను, మర్నాడు ఆ కోపంతోనే కౌంటరు దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. మొదట వచ్చిన మనిషితో డాక్టరుగారు ఇవాళ లేరు, రేపు రండి అన్నాను. ఆ మాట అనడం ఎంత కష్టమైందో ఇప్పుడు ఎవరికి చెప్పినా అర్థం కాదు. అంటూ అంటూ అలవాటైంది. మూడు నెలలు గడిచాయి, తరవాత ముప్పై ఏళ్ళ పైమాటే గడిచింది. మొదటి పూర్తి జీతం తెచ్చిన రోజున అమ్మ గంపని తలకిందులు చేసి కోళ్ళని కప్పెట్టింది. పెద్ద మేడమ్ వెళ్ళిపోయేటప్పుడు ఆ కౌంటర్లన్నీ నా చేతిలో పెట్టి వెళ్ళింది.

సావుకారు కొట్టుకి ఏటా పండక్కి చీర కొనడానికి వెళ్ళేదాన్ని. "రండమ్మా, కూర్చోండి" అని కొనేవాళ్ళతో అన్నట్టే నాతోనూ అనేవాడు, తవుడుబాబాయితో చీరలు తీయించేవాడు. ఆ సాయంత్రం ఊసు ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. లోపల మాత్రం ముల్లు ఉండిపోయింది. ఆయన పోయాక పిల్లలు కొట్టు అమ్మేశారు. ఇప్పుడక్కడ అద్దాల మొబైల్ షోరూము. ఊరి చివర పెద్ద మాల్ వచ్చింది, అక్కడ అమ్మాయిలు మెడలో బ్యాడ్జీ వేసుకుని పొద్దస్తమానం నిలబడే ఉంటారు, మాలాగా పరుపు మీద కూర్చోవడం లేదు. వాళ్ళలో కొందరు నా కౌంటరుకి ఉద్యోగం కోసం వచ్చేవాళ్ళు. ఎక్కడ చేశావమ్మా అంటే తల దించుకుని, షాపులోనే మేడమ్, అంతే అనేవాళ్ళు. ఆ అంతే అన్న మాట వింటే నాకు ఒళ్ళు మండేది. హాల్లో నిలబడ్డవాళ్ళని ఒకసారి చూసి వచ్చి ఎవరికి ఏం కావాలో చెప్పమనేదాన్ని. పదిమందిలో ఏడుగురు సరిగ్గా చెప్పేవాళ్ళు. వాళ్ళనే తీసుకున్నాను, ఒక్కరితోనూ నేను బాధపడలేదు.

కళ్ళజోడు తెచ్చుకుని ఉత్తరం చదివాను. పళ్ళు, వంట అన్నీ అయ్యాక, మేడమ్ ఆపేసిన చోటినుంచి ఇంకా సగం కాగితం ఉంది. ఒడియాలో ఉన్నది తెలుగులో ఇలా ఉంటుంది.

"ఈ పిల్ల తల్లి ఎండుచేపలు అమ్ముతుంది. నా పట్టుకి వాసన అంటుతుందని ఆరేళ్ళుగా మెట్టెక్కకుండా ఎండలో నిలబడుతుంది. అలాంటి తల్లి పెంచిన పిల్ల. నా బీరువాల్లో పట్టు మడత మార్చేది ఈమే, ఒక్క జరీ పోగు తెగలేదు. మనుషుల దగ్గరా ఈమె చెయ్యి అంతే. మీకు నచ్చితే సంతోషం. నచ్చకపోతే మాత్రం మాట అనకండి, నా దగ్గరికి తిరిగి పంపండి. నేను తీసుకుంటాను. ఈమె కూర్చునే చోటు అలాగే ఉంచుతాను."

రెండోసారి చదవలేకపోయాను, అక్షరాలు అలుక్కుపోయాయి. కాగితం పట్టుకుని అవతలి గదిలోకి వెళ్ళాను. అమ్మకి ఎనభై దాటాయి, చూపు తగ్గింది, చెవులు మాత్రం పాము చెవులు. పక్కన కూర్చుని మొత్తం చదివి వినిపించాను. ఆశ్చర్యపోతుందనుకున్నాను. ఆవిడ పమిట చెంగు వేళ్ళతో సవరించుకుంటూ, అవును, ఉంచేడు అంది. నీకెలా తెలుసే అన్నాను.

"నువ్వు ఏడ్సుకొచ్చినావు సూడు, ఆ రోజు మద్దినేళే నాకు సెప్పి ఎల్లేడు. నువ్వా ఉద్యోగంలో కట్టపడతన్నావని ఎవులో సెప్పేరంట. కొట్టు ముందునుంచి గంపతో ఎల్తంటే, నానెప్పుడూ మెట్టెక్కను గదా, ఆయనే దిగొచ్చేడు. పిల్ల సోటు ఆర్నెల్లు ఉంచుతాను గాని ఆ మాట పిల్లకి తెలీకూడదు, తెలిస్తే కట్టమొచ్చిన మొదటి రోజే ఎనక్కొచ్చేత్తాది, మీ గంప దిగదు అన్నాడు."

ఆ సాయంత్రం నన్ను చూసి తల దించుకున్నాడే అన్నాను. అది కూడా తర్వాత చెప్పాడంది. ఆ రోజు పత్రికలో ఒక్క ముక్క కనబడలేదంట ఆయనకి. నాకు ఏడుపు ఆగలేదు, కోపమూ ఆగలేదు. ఇన్నేళ్ళు ఆ మనిషిని మనసులో తప్పుపట్టుకుంటూ ఆయన చేత చీరలు తీయించుకున్నానే, బతికుండగా ఒక్క దండమైనా పెట్టనిచ్చావా, ఇంతకాలం ఎందుకు చెప్పలేదే అని గట్టిగానే అడిగాను.

అమ్మ చెయ్యి చాచి తడుముకుని నా చేతులు పట్టుకుంది. నిమ్మచెక్కతో తోమిన ఆ మోచేతుల దాకా ఒకసారి నిమిరింది.

"సెప్పొద్దన్నాడు గదా. ఇప్పుడు రిటైరైపోనావు, ఇంక సెప్పినా ఎనక్కెల్లవు."